బడిలో మనసు పరీక్ష: భయపడకండి, కానీ మూడు ప్రశ్నలు అడగండి

గోదావరిఖనిలో పీఎంఈ అంటే ఏంటో చిన్న పిల్లల్ని అడిగినా చెప్తారు. బొగ్గు బాయిలో పనిచేసేవాళ్లకు గనుల నిబంధనల ప్రకారం కొన్నేళ్లకోసారి వైద్య పరీక్ష చేయాల్సిందే. ఎక్స్‌రే తీసినంత మాత్రాన ఊపిరితిత్తుల జబ్బు ఉన్నట్టు కాదు. ఉంటే ముందే దొరకాలని తీస్తారు. స్కూళ్లలో టీనేజ్ పిల్లలకు చేసే డిప్రెషన్ స్క్రీనింగ్ కూడా ఇలాంటిదే.

ఇప్పుడు దీని గురించి ఎందుకు మాట్లాడాలంటే, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇచ్చింది. 100 మంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ ఒక్కరైనా ఉండాలని చెప్పింది. అంతకన్నా చిన్న బడి అయితే బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. సరే, కౌన్సెలర్ వచ్చారనుకుందాం. ఏ పిల్లవాడికి సాయం కావాలో వాళ్లకు ఎలా తెలియాలి? అక్కడే స్క్రీనింగ్ పనికొస్తుంది.

పరీక్షలో ఏముంటుంది?

ఎక్కువగా వాడేది పీహెచ్‌క్యూ-9 అనే ఫారం. 9 ప్రశ్నలుంటాయి. గత రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఇష్టమైన పనుల మీద ఆసక్తి ఉందా, చదువు మీద మనసు నిలుస్తోందా అని అడుగుతారు. ఒక్కో జవాబుకు 0 నుంచి 3, మొత్తం 27. సాధారణంగా 10 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఒకసారి నిపుణులతో మాట్లాడించాలి. అంతేగానీ 'డిప్రెషన్ ఉంది' అని తేల్చేసినట్టు కాదు. ఆ మాట చెప్పాల్సింది డాక్టరే.

చివరి ప్రశ్న చనిపోవాలనే ఆలోచనల గురించి. 'పిల్లలకు లేనిపోనివి నేర్పుతున్నారు' అని కొందరు తల్లిదండ్రులు కోప్పడతారు. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. లోపల దాచుకున్న పిల్లలకు చెప్పుకునే దారి దొరుకుతుంది.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. అంటే 40 మంది ఉన్న క్లాసులో ముగ్గురు. టీనేజ్‌లో డిప్రెషన్ ఏడుపుగానే కనపడాలని లేదు. చిరాకు, ఊరికే కోపం, తలనొప్పి, దోస్తులకు దూరం కావడం కూడా దాని గుర్తులే. అబ్బాజాన్ నైట్ షిఫ్ట్ దిగి పడుకునేసరికి పిల్లలు బడికి పోయే ఇళ్లల్లో ఇవి కంటపడడం ఇంకా కష్టం.

మన ఇళ్లల్లో అడ్డం వచ్చేది

'నజర్ తగిలింది', 'నమాజ్ సరిగ్గా చదవట్లేదు, అందుకే', 'బయట తెలిస్తే రేపు రిష్తా ఎలా?' ఈ మూడు మాటలు మనం వింటూనే ఉంటాం. యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి హజ్రత్ యాఖూబ్ అలైహిస్సలాం కళ్లు తెల్లబడ్డాయని మనందరికీ తెలుసు. ఆయన ఈమాన్‌లో లోపం ఉందని ఎవరంటారు? వెయ్యేళ్ల కిందటే అబూ జైద్ అల్ బల్ఖీ అనే ముస్లిం పండితుడు శరీరానికీ మనసుకూ కలిపి వైద్య గ్రంథం రాశారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం లేకుండా కమ్ముకునే దుఃఖం వేరు అని అందులో విడదీసి చెప్పారు. దువా చేద్దాం, దవా కూడా ఇప్పిద్దాం.

బడిని అడగాల్సినవి

ఒకటి, ఫారం ఎవరు చూస్తారు? క్లాసులో అందరి ముందు స్కోరు చదవకూడదు. మానసిక వైద్య సమాచారం గోప్యంగా ఉంచాలని 2017 చట్టం చెప్తోంది.

రెండు, స్కోరు ఎక్కువొస్తే ఎన్ని రోజుల్లో, ఎవరు మాట్లాడతారు?

మూడు, ఆ తర్వాత ఎక్కడికి పంపుతారు? బడికి ఏదైనా ఆసుపత్రితో సంబంధం ఉందా?

వీటికి జవాబు లేకుండా ఫారాలు నింపించడం దండగ. పీఎంఈలో మచ్చ కనిపించినా మందు ఇవ్వకపోతే ఎట్లుంటదో, ఇదీ అట్లనే. జవాబులు సరిగ్గా ఉంటే మాత్రం ధైర్యంగా సంతకం పెట్టండి.

బడిలో పరీక్ష పెట్టేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలు 'బతకాలని లేదు' అన్నారంటే మందలించకండి, ఒంటరిగా వదలకండి. అదే రోజు గోదావరిఖని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి గానీ, దగ్గర్లోని డాక్టర్ దగ్గరికి గానీ తీసుకెళ్లండి.