సహనం వేరు, అన్యాయాన్ని సహించడం వేరు

'సహనం' అనే ఒకే మాటను మనం రెండు అర్థాల్లో వాడుతుంటాం. పక్కవాడి మతాన్ని గౌరవించడం సహనమే. కళ్లెదుట అన్యాయం జరుగుతున్నా నోరు మెదపకపోవడాన్నీ సహనమే అంటాం. మొదటిది సుగుణం, రెండవది బలహీనత. ఈ రెంటినీ ఇస్లాం ఎలా వేరుచేసిందో మన హాస్టల్ మిత్రులు ఏ మతం వారైనా తెలుసుకోదగ్గది.

మత విషయంలో బలవంతం కూడదని ఖురాన్ 2వ అధ్యాయం 256వ వాక్యం చెబుతుంది. మంచి పనికి తోడు నిలవాలనీ, పాపానికీ దౌర్జన్యానికీ తోడ్పడవద్దనీ 5వ అధ్యాయం 2వ వాక్యం సారాంశం. ఒక వర్గం మీద ద్వేషంతో న్యాయం తప్పవద్దని అదే అధ్యాయం 8వ వాక్యం హెచ్చరిస్తుంది. సాక్ష్యం కన్నవారికి వ్యతిరేకమైనా నిజమే పలకాలని 4వ అధ్యాయం 135వ వాక్యం అంటుంది.

మహమ్మద్ ప్రవక్త యువకుడిగా ఉన్నప్పుడు, ప్రవక్త కాకముందు, ఒక సంఘటన జరిగింది. యెమెన్ నుండి వచ్చిన వర్తకుడి సరుకు తీసుకుని మక్కా పెద్ద ఒకడు డబ్బు ఎగ్గొట్టాడు. మోసపోయినవాడు పరాయివాడు, మోసగించినవాడు సొంత ఊరివాడు. అయినా కొన్ని వంశాలవారు కూడి, బాధితుడు ఎవరైనా అతని పక్షమే నిలుస్తామని ఒప్పందం చేసుకున్నారు. అదే 'హిల్ఫుల్ ఫుజూల్'. ప్రవక్త అందులో పాల్గొన్నారు. అలాంటి ఒప్పందానికి మళ్లీ పిలిచినా వెళతానని తర్వాతి కాలంలో అన్నారు.

పీర్ల పండుగ వెనుక ఉన్నదీ ఇలాంటి నిరాకరణే. క్రీ.శ. 680లో యజీద్ పాలనకు విధేయత ప్రకటించనని ప్రవక్త మనుమడు ఇమామ్ హుస్సేన్ అన్నారు. కర్బలాలో శత్రువులు యూఫ్రటీస్ నీరు అందనీయలేదు. ఆయన కొద్దిమంది సహచరులతో అమరులయ్యారు. మంచినీళ్ల దగ్గర అవమానం అంటే ఏమిటో మనలో చాలామందికి పుస్తకం చదవకుండానే తెలుసు. 1985లో కారంచేడులో దళితులపై జరిగిన మారణకాండకు ముందు గొడవ మొదలైంది మంచినీటి చెరువు దగ్గరే.

పీర్లను నిలపడం ముస్లింలందరూ పాటించరు. అయినా తెలుగు పల్లెల్లో హిందువులు సైతం పీర్లకు మొక్కుకుంటారు. మన బందరు ఒకప్పుడు గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. బందరుకు దగ్గరలోని కూచిపూడిని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చింది గోల్కొండ నవాబు తానీషాయేనని చెబుతారు. పరమత సహనం మన నేలకు కొత్త కాదు.

ఇక మన సంగతి. రంజాన్ నెలలో రూమ్మేట్ తెల్లవారుజామున సహరీకి లేచి లైటు వేసుకుంటే విసుక్కోకపోవడం సహనం. అదే రూమ్మేట్ జూనియర్ ట్రంకుపెట్టె తెరిపించి డబ్బులు లాక్కుంటుంటే 'మనోడే కదా' అని ఊరుకోవడం సహనం కాదు, వంతపాడడం. దౌర్జన్యం చేసే సోదరుడికి సహాయం చేయడమంటే అతని చేయి పట్టి ఆపడమేనని ప్రవక్త బోధ.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. మనలాంటి వాళ్లను "గొడవల్లో తలదూర్చకు నాయనా" అని చెప్పి పంపుతారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. అందుకే కాబోలు, చెడును చేతితో ఆపమనీ, చేతకాకపోతే మాటతో, అదీ కాకపోతే కనీసం మనసులోనైనా అసహ్యించుకోమనీ ప్రవక్త మూడు మెట్లు చెప్పారు. చివరి మెట్టు మీద ఉన్నవాడు కూడా అన్యాయానికి చప్పట్లు కొట్టడు, దొంగసాక్ష్యం చెప్పడు.

మిత్రులారా, ఎదుటివాడి దేవుణ్ణి గౌరవిద్దాం. మనవాడు చేసినా తప్పును తప్పే అందాం.