సర్ట్‌బాట్ తీసేస్తే సర్టిఫికెట్ పోతుందా? అపోహలు – వాస్తవాలు

కంగ్టిలో ఎరువులు, విత్తనాల దుకాణం నడిపే దోస్తు ఒక పొద్దున ఫోన్ చేశాడు. ‘‘అన్నా, మన సైటు తెరిస్తే కనెక్షన్ ప్రైవేట్ కాదు అని వస్తున్నది. రైతులు బుగులుపడి బంద్ చేస్తున్నరు.’’ ఈమధ్య సర్వర్‌లో ఏమైనా ముట్టుకున్నావా అని అడిగాను. ‘‘రెండు నెలల కింద జాగ నిండిందని పనికిరానియి తీసేసిన. సర్ట్‌బాట్ గూడ తీసేసిన. సర్టిఫికెట్ వచ్చినంక దానితోని ఏం పని?’’

నారాయణఖేడ్ దాటి కర్ణాటక సరిహద్దు వైపు పోతే వచ్చే మండలం కంగ్టి. అతని సర్వర్ ఉన్నది ఏదో మహానగరంలో. అయినా అతను చేసిన పొరపాటు ఆ ఊరికో, అతనికో ప్రత్యేకమైనది కాదు. హైదరాబాద్ ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లూ ఇదే చేస్తుంటారు. సర్ట్‌బాట్ పెట్టడం, తీయడం చుట్టూ తరచూ వినిపించే అపోహలు ఇవి.

అపోహ: సర్ట్‌బాట్ అంటేనే సర్టిఫికెట్.

వాస్తవం: రెండూ వేరు. సర్టిఫికెట్ ఇచ్చేది లెట్స్ ఎన్‌క్రిప్ట్. అమెరికాలోని ఇంటర్నెట్ సెక్యూరిటీ రీసెర్చ్ గ్రూప్ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని నడుపుతుంది. 2015 సెప్టెంబరులో మొదటి సర్టిఫికెట్ ఇచ్చింది, అదే డిసెంబరులో అందరికీ తలుపు తీసింది. సర్ట్‌బాట్ అక్కడి నుంచి సర్టిఫికెట్ తెచ్చిపెట్టే పనిముట్టు మాత్రమే. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ దాన్ని తయారుచేస్తోంది. మీసేవ కేంద్రం మూతపడ్డంత మాత్రాన మీ చేతిలోని ఆదాయ ధ్రువపత్రం చెల్లకుండా పోదు కదా! గడువు తీరాక కొత్తది ఇప్పించే మనిషి ఉండడు, అంతే. మా దోస్తు విషయంలో జరిగిందీ ఇదే. సర్ట్‌బాట్ పోయినా ఉన్న సర్టిఫికెట్ పనిచేస్తూనే వచ్చింది, 90 రోజుల గడువు తీరిన రోజున సైటు ఆగింది. అందుకే రెండు నెలల కిందటి తప్పు ఇప్పుడు బయటపడింది.

అపోహ: ఒక్కసారి పెడితే చాలు, ఇక అదే చూసుకుంటుంది.

వాస్తవం: చాలావరకు చూసుకుంటుంది. ఉబుంటు వంటి సిస్టమ్‌లలో సర్ట్‌బాట్ టైమర్ రోజుకు రెండుసార్లు లేచి చూసి, గడువు సుమారు 30 రోజులు మిగిలిందనగా కొత్త సర్టిఫికెట్ తెస్తుంది. అయితే రెండు చోట్ల తరచూ తట్టుకుంటుంది. మొదటిది, హెచ్‌టీటీపీఎస్ వచ్చిందిగా అని ఫైర్‌వాల్‌లో 80వ పోర్టు మూసేయడం. డొమైన్ మీదేనా అని లెట్స్ ఎన్‌క్రిప్ట్ సాధారణంగా ఆ పోర్టు ద్వారానే వచ్చి చూస్తుంది. తలుపు మూసి ఉంటే వెనక్కి పోతుంది. రెండోది, సర్టిఫికెట్ ఒక్కటే తెచ్చుకుని వెబ్ సర్వర్‌ను చేత్తో సర్దుకున్నవాళ్ల సమస్య. కొత్త ఫైలు వచ్చి కూర్చున్నా, రీలోడ్ అయ్యేదాకా ఎన్జిన్‌ఎక్స్ వంటి వెబ్ సర్వర్ పాతదే చూపిస్తుంది. రీలోడ్ ఆదేశాన్ని డిప్లాయ్ హుక్‌గా జతచేస్తే ఈ బెడద ఉండదు. గడువు దగ్గరపడితే మెయిల్ వస్తుందిలే అన్న ధీమా కూడా వద్దు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆ మెయిళ్లను 2025 జూన్ 4 నుంచి ఆపేసింది.

అపోహ: మొరాయిస్తే తీసేసి మళ్లీ మళ్లీ పెడితే సరిపోతుంది.

వాస్తవం: అచ్చం అవే పేర్లకు ఏడు రోజుల్లో ఐదు సర్టిఫికెట్లే ఇస్తారు. ఆరోసారి ఆగాల్సిందే. అందుకే ముందు ‘రెన్యూ’ ఆదేశానికి ‘డ్రై రన్’ తగిలించి చూడాలి. అది ఉత్తుత్తి పరీక్ష, లెక్కలోకి రాదు. యాప్ట్‌తో ఒకటి, స్నాప్‌తో ఒకటి పెట్టి రెండు సర్ట్‌బాట్‌లను నడపడం ఇంకో తలనొప్పి. స్నాప్ రకం పెట్టే ముందు పాతది తీసేయాలి.

అపోహ: వద్దనుకుంటే సర్టిఫికెట్ల ఫోల్డర్ చెరిపేస్తే పని అయిపోతుంది.

వాస్తవం: సర్వర్‌ను అన్నిటికంటే ఎక్కువ ముంచే అపోహ ఇదే. ఫోల్డర్ చెరిపిన వెంటనే ఏమీ కాదు. సైటు మామూలుగానే తెరుచుకుంటుంది. ఎందుకంటే నడుస్తున్న ఎన్జిన్‌ఎక్స్ సర్టిఫికెట్‌ను ముందే మెమరీలోకి తీసుకుని ఉంటుంది. ‘ఏం కాలేదుగా’ అని మనమూ మరిచిపోతాం. కొన్నాళ్లకు ఏదో అప్‌డేట్ కోసం సర్వర్ రీస్టార్ట్ అవుతుంది. ఎన్జిన్‌ఎక్స్ లేచి తన కాన్ఫిగ్ చదువుతుంది. అందులో సర్టిఫికెట్ దారి రాసి ఉంటుంది, ఆ దారిలో ఫైలు ఉండదు. ఆ ఒక్క వరుస వల్ల అది అసలు మొదలే కాదు. అదే సర్వర్‌లో మరో నాలుగు సైట్లుంటే అవీ పడుకుంటాయి.

కాబట్టి తీయడానికి ఒక వరుస ఉంది. ముందు కాన్ఫిగ్‌లో ఆ సర్టిఫికెట్ పేరున్న వరుసలు తీసేయాలి, లేదా వేరే సర్టిఫికెట్ వైపు తిప్పాలి. ఎన్జిన్‌ఎక్స్‌ను ‘మైనస్ టీ’తో పరీక్షించి, సరే అన్నాకే రీలోడ్ చేయాలి. తర్వాత ‘సర్ట్‌బాట్ డిలీట్’ అని ఆదేశిస్తే సర్టిఫికెట్‌తో పాటు దాని రెన్యువల్ ఫైలు కూడా పోతుంది. సర్ట్‌బాట్‌ను అన్నిటికంటే చివర తీయాలి, అదీ ఆ సర్వర్‌లో దానిపై ఆధారపడ్డ సర్టిఫికెట్ ఇంకొకటి లేనప్పుడే.

అపోహ: సర్టిఫికెట్ తీసేస్తే సైటు హాయిగా పాత హెచ్‌టీటీపీకి వెళ్లిపోతుంది.

వాస్తవం: మీ సర్వర్ వెళ్లినా చూసేవాళ్ల బ్రౌజర్ వెళ్లదు. హెచ్‌ఎస్‌టీఎస్ పెట్టి ఉంటే, ‘ఈ సైటుకు హెచ్‌టీటీపీఎస్ తప్ప మరోదారి లేదు’ అని బ్రౌజర్ మీరు చెప్పినన్నాళ్లూ గుర్తుపెట్టుకుంటుంది. పైగా 2018 జూలై నుంచి క్రోమ్ హెచ్‌టీటీపీ సైట్లన్నిటికీ ‘సురక్షితం కాదు’ అని ముద్ర వేస్తోంది.

అపోహ: తీసే ముందు సర్టిఫికెట్‌ను రద్దు చేసి తీరాలి.

వాస్తవం: అక్కర్లేదు. ప్రైవేట్ కీ పరాయి చేతిలో పడిందన్న అనుమానం ఉంటే రద్దు చేయాలి. మామూలుగా సైటు మూసేస్తుంటే గడువు తీరనిస్తే చాలు. రద్దు ఎప్పుడు తప్పదో చెప్పే ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 2014 జూలై 2న గూగుల్ తన డొమైన్ల పేరిట అనుమతి లేని సర్టిఫికెట్లు తిరుగుతున్నట్టు గుర్తించింది. అవి నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ నుంచి జారీ అయినవి. మర్నాడే కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ ఆ సంస్థ మధ్యస్థ సర్టిఫికెట్లను రద్దు చేసింది.

అపోహ: తాళం బొమ్మ ఉంటే సైటు అసలైనదే. ఉచిత సర్టిఫికెట్ మాత్రం నాసిరకం.

వాస్తవం: రెండు మాటలూ తప్పే. ఉచితమైనా, డబ్బు పెట్టి కొన్నదైనా ఎన్‌క్రిప్షన్ బలం ఒకటే. ఇక సర్టిఫికెట్ చెప్పేది డొమైన్ ఎవరి అధీనంలో ఉందో మాత్రమే, వాళ్లు మంచివాళ్లని కాదు. బ్యాంకును పోలిన పేరుతో దొంగ సైటు పెట్టినవాడికీ సర్టిఫికెట్ దొరుకుతుంది. ఈ భ్రమ వల్లనే 2023లో క్రోమ్ తాళం బొమ్మను తీసేసింది. మన బ్యాంకులు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాకు మారాలని రిజర్వ్ బ్యాంక్ 2025 అక్టోబర్ 31 గడువు పెట్టింది. ఆ డొమైన్లు ఇచ్చే బాధ్యత హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థది. చూడాల్సింది బొమ్మను కాదు, చిరునామాను.

అపోహ: తెలుగు అక్షరాల డొమైన్‌కు సర్టిఫికెట్ రాదు.

వాస్తవం: వస్తుంది. తెలుగులో ‘.భారత్’ చిరునామాలున్నాయి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2016 అక్టోబర్ నుంచి ఇలాంటి పేర్లకు సర్టిఫికెట్లు ఇస్తోంది. సర్ట్‌బాట్‌కు మాత్రం ‘ఎక్స్ఎన్’తో మొదలయ్యే ప్యూనీకోడ్ రూపంలో పేరు ఇవ్వాలి.

మా దోస్తు సైటు పది నిమిషాల్లో లేచింది. సర్ట్‌బాట్ మళ్లీ పెట్టి, కొత్త సర్టిఫికెట్ తెచ్చి, టైమర్ నడుస్తోందో లేదో చూశాం. జాగ నింపింది సర్ట్‌బాట్ కాదు, ఏళ్ల తరబడి పేరుకున్న లాగ్ ఫైళ్లు.

ఇకపై ఏమరుపాటుకు వ్యవధి ఇంకా తగ్గుతుంది. ఏ సంస్థ ఇచ్చినా వెబ్ సర్టిఫికెట్ గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే ఉండాలని బ్రౌజర్ సంస్థలు, సర్టిఫికెట్ సంస్థలు కలిసి తీర్మానించాయి. కాబట్టి ఒక్క వరుస గల్లాపెట్టె పక్కన రాసి పెట్టుకోండి: ముందు కాన్ఫిగ్, తర్వాత సర్టిఫికెట్, ఆఖరున సర్ట్‌బాట్.