పిడుగు పడింది అడవిలో.. ఫోన్ కాలింది ఇంట్లో!

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా ఎండ మండిపోతుంది. సాయంత్రానికి క్యుములోనింబస్ మేఘాలు కమ్ముకుని, ఈదురుగాలులతో వాన దంచికొడుతుంది. ఖమ్మం నుంచి భద్రాచలం వైపు అటవీ గ్రామాల్లో ఇది ఏటా ఉండేదే. మర్నాడు చూస్తే ల్యాండ్‌లైన్ మూగబోయి ఉంటుంది. ఊళ్లో ఎక్కడా పిడుగు పడిన ఆనవాలు ఉండదు. మరి ఫోన్ ఎలా పాడైంది?

తీగే దారి

పిడుగు నేరుగా తీగ మీదే పడాల్సిన పని లేదు. ఒక పిడుగులో సుమారు 30 వేల ఆంపియర్ల కరెంటు క్షణంలో వెయ్యో వంతు కూడా పట్టకుండా భూమిలోకి దిగుతుంది. దాని అయస్కాంత ప్రభావంతో దగ్గర్లోని తీగల్లో వేల వోల్టుల సర్జ్ పుడుతుంది. అది తీగ వెంట రెండు వైపులా పరుగు తీస్తుంది. ఒక కొస ఎక్స్‌ఛేంజ్‌లో, మరో కొస మన ఇంట్లో ఉంటుంది.

టెలిఫోన్ లైన్ పనిచేసేది 48 వోల్టుల మీద. బెల్ మోగేటప్పుడు 75 వోల్టుల వరకు వెళ్తుంది. అంతకు ఎన్నో రెట్లు వస్తే ఫోన్‌లోని, మోడెమ్‌లోని చిప్‌లు తట్టుకోలేవు. పిడుగు నేరుగా తీగ మీదే పడితే తీగ కరుగుతుంది, పింగాణీ ఇన్సులేటర్లు పగులుతాయి, చెక్క స్తంభం చీలిపోతుంది.

అడవి అంచున ముప్పు ఎందుకు ఎక్కువ?

ఊరికీ ఊరికీ దూరం ఎక్కువ. తీగ ఎంత పొడవుంటే సర్జ్ పట్టుకునే అవకాశం అంత పెరుగుతుంది. రాతి నేల, ఎండాకాలంలో ఎండిపోయిన నేల కరెంటును త్వరగా లోపలికి తీసుకోవు. దాంతో ఎర్తింగ్ బలహీనపడుతుంది.

కాపాడేది ఎర్తింగే

ఎక్స్‌ఛేంజ్‌లో ప్రతి లైన్‌కూ వాయువు నింపిన చిన్న గొట్టం లాంటి రక్షణ పరికరం పెడతారు. మామూలుగా అది కరెంటును అడ్డుకుంటుంది. వోల్టేజీ సుమారు 230 దాటితే తెరుచుకుని సర్జ్‌ను భూమిలోకి పంపేస్తుంది. అయితే ఎర్త్ తీగ తెగినా, తుప్పు పట్టినా ఆ పరికరం ఉండీ లేనట్టే. పెద్ద దెబ్బ తగిలితే అది షార్ట్ అయిపోయి లైన్ డెడ్ అవుతుంది. దాన్ని మార్చితే లైన్ మళ్లీ వస్తుంది.

ఫైబర్ వచ్చింది కదా?

గాజు పోగులో కరెంటు పారదు, నిజమే. కానీ రౌటర్ అడాప్టర్ కరెంటు సాకెట్‌లోనే ఉంటుంది. కేబుల్‌కు దన్నుగా ఇనుప తీగ ఉంటే అదీ దారే. సెల్ టవర్లకూ కరెంటు లైన్ల నుంచి ఇదే బెడద. సిగ్నల్ అంతంత మాత్రంగా ఉండే గూడేల్లో ఉన్న ఒక్క దారీ మూతపడితే 108కు ఫోన్ చేయడమూ కష్టమే.

ఏం చేయాలి?

* ఉరుము వినిపించక ముందే ఫోన్, మోడెమ్, టీవీ ప్లగ్‌లు తీసేయాలి. ఉరుములు మొదలయ్యాక వాటి తీగలు ముట్టుకోకూడదు.
* తీగ ఉన్న ఫోన్‌లో మాట్లాడొద్దు. చార్జింగ్‌లో లేని మొబైల్‌తో ఇంట్లో మాట్లాడటం వల్ల ప్రమాదం లేదు.
* స్తంభాలకు, స్టే వైర్లకు, చెట్లకు దూరంగా ఉండాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.
* తెగిపడిన తీగ ఫోన్‌దే అనుకుని పట్టుకోవద్దు. అది కరెంటు తీగపై పడి ఉండొచ్చు.
* పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొట్టదు. ఊపిరి ఆగితే వెంటనే సీపీఆర్ చేస్తూ 108కు కాల్ చేయాలి.

దేశంలో పిడుగులకు ఏటా 2 వేల మందికి పైగా బలవుతున్నారు. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారు చేసిన ‘దామిని’ యాప్ ముందుగా హెచ్చరిస్తుంది. పొలానికి, అడవికి వెళ్లే ముందు ఓసారి చూసుకుంటే మేలు.