గోల్డెన్ వీసా

యూఏఈ 2019లో మొదలుపెట్టిన దీర్ఘకాల నివాస అనుమతి ఇది. సాధారణంగా పదేళ్లు చెల్లుతుంది, స్పాన్సర్ అక్కర్లేదు. 20 లక్షల దిర్హాముల ఆస్తి కొన్నవారు, డాక్టర్లు, శాస్త్రవేత్తలు, కళాకారుల వంటివారు అర్హులు. ఈమధ్య కంటెంట్ క్రియేటర్లనూ చేర్చారు. రీల్స్ చేసేవాళ్లకిక రాజయోగమే! 2021లో సంజయ్ దత్, 2023లో మన అల్లు అర్జున్ దీన్ని అందుకుని సోషల్ మీడియాలో ఫొటోలు పెట్టారు. వీసాకు ఇంత ఫొటోషూట్ ఇంకే దేశంలోనూ ఉండదేమో.

2025 జులైలో కథ మలుపు తిరిగింది. సుమారు రూ.23 లక్షలు కడితే భారతీయులకు జీవితకాల వీసా అన్న వార్త గుప్పుమంది. లెక్కలు వేసుకునేలోపే యూఏఈ అధికారులు అది ఉత్తిదేనని తేల్చేశారు. ప్రచారం చేసిన కన్సల్టెన్సీ క్షమాపణ చెప్పింది. దరఖాస్తులు తీసుకునేది ప్రభుత్వమే, మధ్యవర్తులు కాదు.