31 శిలువలు, 55 సమాధులు, 98 చావులు

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో మరియానా అనే చిన్న ఊరు ఉంది. 1900లో ప్రభుత్వం అక్కడ పిల్లల కోసం ఒక రిఫార్మ్ స్కూల్ తెరిచింది. తప్పు చేసిన పిల్లల్ని పెద్దల జైల్లో పెట్టకుండా చదువు, పని నేర్పి దారిలో పెట్టాలన్నది దాని ఉద్దేశం. మన జువైనల్ హోమ్ లాంటిదన్నమాట. తర్వాతి రోజుల్లో దానికి ఆర్థర్ జి. డోజియర్ స్కూల్ అని పేరు పెట్టారు. 111 ఏళ్లు నడిచాక 2011లో మూసేశారు.

అక్కడికి పంపినవాళ్లంతా నేరస్థులేనా? కాదు. బడి ఎగ్గొట్టినవాళ్లు, ఇంట్లోంచి పారిపోయినవాళ్లు, నా అన్నవాళ్లు లేని అనాథలు కూడా వాళ్లలో ఉన్నారు. తెరిచిన మూడేళ్లకే తనిఖీకి వెళ్లినవాళ్లకు ఇనుప సంకెళ్లతో ఉన్న పిల్లలు కనిపించారు.

ఇక చావుల లెక్క. సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిన్ కిమ్మర్లే బృందం పాత రిజిస్టర్లు, మరణ ధ్రువపత్రాలు, పత్రికలు తిరగేసింది. ఆమె ఫోరెన్సిక్ ఆంత్రొపాలజిస్టు, అంటే ఎముకలను బట్టి మనిషి వయసు, ఎత్తు, తగిలిన దెబ్బలు చెప్పగల నిపుణురాలు. 1914 నుంచి 1973 దాకా 98 మరణాలు తేలాయి. ఆ 59 ఏళ్లకు సర్ది చూస్తే దాదాపు ఏడు నెలలకొక ప్రాణం. మన ఊరి బడిలో రెండు సెక్షన్ల పిల్లలు పూర్తిగా లేకుండా పోయినట్టు. చనిపోయినవాళ్లలో కనీసం 20 మంది అక్కడ అడుగుపెట్టిన మూడు నెలల్లోపే పోయారు. ఏడుగురు పారిపోబోతూ చనిపోయారు.

ఈ 98లో ఇద్దరు పిల్లలు కారు, బడి ఉద్యోగులు. 1914 నవంబరులో పిల్లలు పడుకునే భవనం తగలబడినప్పుడు కొందరు పిల్లలతోపాటు వాళ్లూ కాలిపోయారు. తలుపులకు తాళాలు వేసి ఉన్నాయి. ఆ రాత్రి సూపరింటెండెంటు అక్కడ లేడు.

మరి ఇంతమందిని ఎక్కడ పాతిపెట్టారు? కాగితాల ప్రకారం 45 మందిని బడి ఆవరణలోనే పాతిపెట్టారు. 31 మంది శవాలను వేరే ఊళ్లకు పంపించారు. మిగతా 22 మందిని ఎక్కడ పెట్టారో ఏ కాగితంలోనూ లేదు. మూడూ కలిపితే 98. నా దృష్టిలో ఆ 22 అన్నింటికన్నా బరువైన అంకె. బతికున్నప్పుడు పేరుపేరునా హాజరు పలికించుకున్న ప్రభుత్వం, చనిపోయాక వాళ్లను ఎక్కడ పెట్టిందో కూడా రాసుకోలేదు.

బడి శ్మశానంలో 31 శిలువలు ఉండేవి కదా, వాటిని లెక్కపెడితే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. అవి ఇనుప పైపుతో చేసి తెల్లరంగు వేసిన శిలువలు, చాలా తర్వాత పాతినవి. కింద మనిషి ఉన్నాడో లేడో ఎవరూ చూడలేదు. 2009లో రాష్ట్ర పోలీసు దర్యాప్తు విభాగం కూడా సమాధులు 31 అనే తేల్చింది. కిమ్మర్లే బృందం భూమిలోకి రేడియో తరంగాలు పంపి, లోపల మట్టి కదిలిన చోట్లను పట్టే రాడార్‌తో గాలించి, 2013లో తవ్వకం మొదలుపెట్టింది. 55 సమాధులు బయటపడ్డాయి. వాటిలో శ్మశానమని గుర్తుపెట్టిన జాగాలో ఉన్నవి 13 మాత్రమే. మిగతా 42 చెట్ల మధ్య, పొదల్లో, దారి కింద, ఒక పెద్ద మల్బరీ చెట్టు వేళ్ల కింద దొరికాయి. మట్టి జల్లించినప్పుడు గుండీలు, బెల్టు బకిల్స్ వచ్చాయి. ఒక పిల్లవాడితో పాటు ఆడుకునే గోలీ వచ్చింది.

55 సమాధుల్లో 51 మంది అవశేషాలు దొరికాయి. 2016 నివేదిక నాటికి ఏడుగురిని డీఎన్ఏతో, అంటే రక్తసంబంధాన్ని పట్టిచ్చే, కణాల్లో ఉండే గుర్తుతో, నిర్ధారించారు. ఇంకో 14 మందిని ఇతర ఆనవాళ్లను బట్టి పోల్చుకున్నారు. అంటే అప్పటికి 30 మందికి పేరు లేదు.

డీఎన్ఏతో మొదట తేలినవాడు జార్జ్ ఓవెన్ స్మిత్. 1940లో అక్కడికి వెళ్లేటప్పటికి అతడికి 14 ఏళ్లు. తల్లి ఉత్తరం రాస్తే, ఎక్కడున్నాడో తెలియదని జవాబు వచ్చింది. 1941 జనవరిలో, పారిపోయి ఒక ఇంటి కింద దూరి న్యుమోనియాతో చనిపోయాడని చెప్పారు. ఇంటివాళ్లు కారేసుకుని వెళ్లేసరికి అప్పుడే పూడ్చిన మట్టి చూపించారు. అతడితో పాటు పారిపోయిన కుర్రాడు మాత్రం వేరే మాట చెప్పాడని చెల్లెలు జీవితమంతా చెబుతూ వచ్చింది: జార్జ్ పొలానికి అడ్డంపడి పరుగెడుతుంటే వెనక నుంచి కాల్చారట. 2014లో ఆమె డీఎన్ఏతోనే అతడు దొరికాడు. లోతులేని గుంటలో, పక్కకి తిరిగి ఉన్నాడు.

ఇది హత్యేనని ఎముకలు చెప్పవా? అన్నీ చెప్పవు. గుండు ఎముకకు తగలకుండా పొట్టలోంచి దూసుకుపోతే, ఊపిరాడకుండా చేస్తే, జ్వరానికి మందు ఇవ్వకపోతే, 70 ఏళ్ల తర్వాత ఎముక మీద గీత కూడా ఉండదు. జార్జ్ ఎలా పోయాడో తవ్వకం తేల్చలేకపోయింది. ఇంకో సమాధిలో తుపాకి గుండును పోలిన చిన్న సీసపు ముక్క దొరికింది. పేల్చినవాడెవరో అది చెప్పలేదు.

బతికి బయటపడ్డవాళ్లు చెప్పినది మరో సాక్ష్యం. 'వైట్ హౌస్' అని పిలిచే చిన్న భవనంలో తోలు పట్టాతో కొట్టేవారని, అరుపులు వినపడకుండా పెద్ద ఫ్యాను వేసేవారని వందల మంది చెప్పారు. అయినా ఈ దెబ్బలకు, చావులకు ఏ ఉద్యోగి మీదా క్రిమినల్ కేసు పెట్టలేదు. 2010లో ఆధారాలు చాలవని దర్యాప్తు ముగించారు.

2017లో ఫ్లోరిడా చట్టసభ క్షమాపణ చెప్పింది. 2024లో రెండు కోట్ల డాలర్లు కేటాయించింది. తొమ్మిది వందల పైచిలుకు మందికి పంచితే తలా 21 వేల డాలర్లు, అప్పటి మారకం లెక్కన మన డబ్బులో దాదాపు 18 లక్షల రూపాయలు. ఇది 1940, 1975 మధ్య అక్కడ గానీ, రాష్ట్రంలోని అలాంటి మరో బడిలో గానీ ఉండి, అప్పటికి బతికున్నవాళ్లకే. మట్టిలోంచి తీసిన 51 మందిలో ఎవరి ఇంటికీ ఈ చట్టం కింద ఒక్క డాలరు రాదు.