బిల్వమంగళుడి పాట ఎక్కడ పోయింది?

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో నాటకమంటే చాలాకాలం పద్యనాటకమే. శ్రీరామనవమి పందిళ్ళలోనూ, తిరునాళ్ళలోనూ రాత్రి భోజనాలయ్యాక మొదలై కోడి కూసేదాకా నడిచేది. తెనాలి జంక్షన్ గనుక రేపల్లె బండీ, బాపట్ల మీదుగా పోయే మద్రాసు బండీ అక్కడే దొరికేవి. నటులు చేరడానికి అంతకంటే అనువైన ఊరేముంది? 2022లో బాపట్ల, రేపల్లె కొత్త జిల్లాలోకి పోయి తెనాలి గుంటూరులోనే మిగిలింది గాని, నాటకానికి ఈ మూడూళ్ళూ ఒకే జిల్లా.

ఇక్కడ ఊరూరా ఆడిన నాటకాల్లో కాళ్ళకూరి నారాయణరావు (1871–1927) గారి ‘చింతామణి’ ఒకటి. జనం దాన్ని వేశ్య కథ అనుకుంటారు. నిజానికది ఒక కవి పుట్టిన కథ. బిల్వమంగళుడు చదువుకున్నవాడు, కలిగినవాడు. భవానీశంకరం అతన్ని చింతామణి ఇంటికి చేరుస్తాడు. ఇక ఇల్లూ వాకిలీ గుర్తుండవు. తుఫాను రాత్రి శవాన్ని దుంగ అనుకుని ఏరు దాటి, పామును తాడనుకుని గోడెక్కాడని కథ. ఇంత మోహం దేవుడి మీద ఉంటే ఏమయ్యేవాడివని మందలించింది చింతామణే. సోమగిరి ఉపదేశంతో అతడు లీలాశుకుడై ‘శ్రీకృష్ణకర్ణామృతం’ చెప్పాడు. ఆ కావ్యం మొదటి శ్లోకంలోనే చింతామణి పేరూ, గురువు సోమగిరి పేరూ ఉన్నాయి. ఆ చింతామణి ఈమేనని సంప్రదాయం.

ఈ వేషం కట్టడం ఔత్సాహికులకు తేలిక కాదు. కాంట్రాక్టు నాటకానికయితే పాత్రధారులు తలో ఊరి నుంచీ ఆ సాయంత్రానికే దిగుతారు, రిహార్సల్ అనే మాటే ఉండదు. అందరికీ పద్యాలు కంఠస్థం, మిగతాది హార్మోనిస్టు చూసుకుంటాడు. కుర్రాళ్ళ నాటకానికి ఆ వీలు లేదు. వాళ్ళకి హార్మోనిస్టే గురువు, డైరెక్టరు, ఒక్కోసారి ప్రాంప్టరు కూడా. ఎవరి గొంతు ఏ శ్రుతిలో నిలుస్తుందో చూసి పెట్టె మీద మెట్టు పట్టిస్తాడు. మైకుల్లేని రోజుల్లో చివరి చాప మీద కూర్చున్నవాడికీ వినపడాలి గనుక శ్రుతి హెచ్చుగా పెట్టేవారు. మైకులొచ్చాక కూడా మనవాళ్ళు దించలేదు. అదో పట్టుదల!

పద్యం పాడటంలో అసలు కిటుకు రాగం కాదు, మాట. ముందు పాదాలను దాదాపు మాట్లాడినట్లే, పదం విరిగిన చోట విరిచి చెప్పాలి. భావం ప్రేక్షకుడికి అందాక చివరి పాదంలో రాగం తీయాలి. మోహన గానీ, కాపీ గానీ, బేహాగ్ గానీ అక్కడ పనికొస్తుంది. కొత్తవాడు మొదటి పాదంలోనే రాగం ఎత్తుకుంటాడు. ‘వన్స్‌మోర్’ పడుతుంది, పద్యం మాత్రం అర్థం కాదు.

ఈ విద్యలో మనకు పెద్ద ఉదాహరణ స్థానం నరసింహారావు గారు. 1902లో బాపట్లలో పుట్టారు. 1920లో అక్కడ ‘హరిశ్చంద్ర’ నాటకానికి చంద్రమతి వేషధారి రాకపోతే ఆ వేషం ఈయన కట్టారు. ఇంతకంటే ఔత్సాహిక ప్రవేశం ఏముంటుంది? తరవాత తెనాలి శ్రీరామవిలాస సభలో చేరి చింతామణి, సత్యభామ, రోషనార పాత్రలతో పేరు పొందారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. సత్యభామకు తన గొంతుకూ నడకకూ తగ్గ పాటను ఆయనే రాసుకున్నారంటారు. 1971లో పోయారు.

మరి ఇంత నాటకంలో లీలాశుకుడు ఎందుకు కనుమరుగయ్యాడు? సుబ్బిశెట్టి వల్ల. సొమ్మంతా పోగొట్టుకునే ఈ పాత్రను రచయిత హెచ్చరిక కోసం పెట్టాడు. ‘వరవిక్రయం’లో కట్నాన్నీ, ‘మధుసేవ’లో తాగుడునీ ఎండగట్టినవాడాయన. కాని నవ్వులు పడుతున్న కొద్దీ ఆ రంగం పెరిగింది, రాత లేని మాటలు చేరాయి, మాటలు బూతులయ్యాయి. కొన్నిచోట్ల శెట్టి రంగమే అర్ధరాత్రి దాటించేది. బిల్వమంగళుడు విరక్తుడయ్యే వేళకు పందిట్లో సగంమంది నిద్రలో ఉండేవారు. ఆ పాత్రను చూపే తీరు తమను అవమానిస్తోందని ఆర్యవైశ్య సంఘాలు అభ్యంతరం చెప్పగా, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటక ప్రదర్శనను నిషేధించింది. నిషేధం సరైనదా అని వాదించే ముందు, ఆ వంద నవ్వుల కోసం కవిని అమ్ముకున్నదెవరో కూడా అడగాలి. నాటక సమాజాల వాటా ఇందులో చిన్నది కాదు.

బిల్వమంగళుడి కథ కాళ్ళకూరి వారికంటే పాతది, ఎవరి సొత్తూ కాదు. మన సాహిత్య సంఘంలో పద్యం రాసేవాళ్ళున్నారు, హార్మోనియం పట్టేవాళ్ళున్నారు. ఏరు దాటిన రాత్రి, చింతామణి మందలింపు, సోమగిరి దర్శనం – ఈ మూడు రంగాలూ కొత్తగా రాసుకుంటే గంటలో అవుతుంది, శెట్టి అవసరమే రాదు. చింతామణిగా ఇప్పుడు అమ్మాయే నిలబడవచ్చు. శ్రుతి మాత్రం ఆమె గొంతు చూసి పెట్టండి.