వెన్ను శస్త్రచికిత్స తరువాత నొప్పి: మత్తు మాత్రలు తగ్గించుకొనుట ఎట్లు?

నడుము డిస్కుకు శస్త్రచికిత్స చేయించుకొని ఇల్లు చేరినవారిలో రెండు తెగలవారిని చూచుచున్నాను. మాత్రలు అలవాటగునేమోనని వెంటనే మానివేసి, నొప్పితో కదలలేక మంచము పట్టువారు కొందరు. గాయము మానిన పిదపను నిద్ర కొరకు అవే మాత్రలు మింగుచుండువారు మరికొందరు. రెండును హానికరములే. ఆ మాత్ర రోగి లేచి నాలుగడుగులు వేయుటకు ఆసరా మాత్రమే. మొదటి దినములలో దానికి ప్రత్యామ్నాయముగా ఏ కషాయమును నేను చెప్పను.

ట్రమడాల్ వంటివి శరీరములో నల్లమందు వలె పనిచేయును. 2018లో మన ప్రభుత్వము ట్రమడాల్‌ను మాదకద్రవ్యముల చట్టము పరిధిలోనికి తెచ్చినది. నల్లమందు మన శాస్త్రమునకు క్రొత్త కాదు. చరక సుశ్రుతులలో కానరాకున్నను, తరువాతి గ్రంథములలో అహిఫేనమను పేర చేరినది. మలమును బంధించు గుణముండుటచేతనే పూర్వులు దానిని అతిసారమునకు వాడిరి. నేటి రోగిని పీడించునదియు ఆ గుణమే. మూడు దినములు విరేచనము కాక ముక్కినచో నడుము నొప్పి ఇనుమడించును. నొప్పి పెరిగినదని మరియొక మాత్ర వేయుదురు. మలబద్ధము మరింత బిగియును!

కనుక మాత్ర మొదలిడిన నాడే విరేచనము సంగతి చూడవలెను. గోరువెచ్చని నీరు, బొప్పాయి, ఆకుకూరలు మంచివి. చాలనిచో వైద్యుని అనుమతితో రాత్రివేళ సునాముఖి తీసుకొనవచ్చును. అందరును వాడు ఇసబ్గోలు ఇచట తగదు. ప్రేగుల కదలిక మందగించినపుడు అది ఉబ్బి అడ్డుపడవచ్చును.

మత్తు మాత్ర తగ్గవలెనన్నచో తక్కిన ఉపాయములు వేళకు జరుగవలెను. వైద్యుడు వ్రాసిన పారాసిటమాల్‌ను నొప్పి ముదిరిన తరువాత గాక, గడియారము చూచి వేయవలెను. ట్రమడాల్ మాత్రలు కొన్నింటిలో పారాసిటమాల్ ముందే కలిసియుండును, అట్టపై చదువుడు. రెండును కలిపి దినమునకు 4 గ్రాములు మించినచో కాలేయమునకు ముప్పు. బక్కపలుచని వృద్ధులకును, కాలేయవ్యాధి కలవారికిని అంతకన్న తక్కువే. మద్యము, నిద్రమాత్రలు ఈ మందులతో ఎంతమాత్రము కలుపరాదు, శ్వాస మందగించును.

మంచము మీద నుండి లేచునపుడు నడుము మెలితిప్పక, భుజములు, తుంటి ఒక్కటిగా ప్రక్కకు దొర్లి, కాళ్లు క్రిందికి జార్చుచు చేతుల ఊతతో లేవవలెను. వెల్లకిల పరుండినపుడు మోకాళ్ల క్రింద దిండు ఉంచుడు. ఒక్కసారి దూరము నడచుటకన్న, దినమునకు పలుమార్లు కొద్దికొద్దిగా నడచుట మేలు.

కాలిలోనికి మంటగా, తిమ్మిరిగా లాగు నరముల నొప్పి వేరు. దానిపై మత్తు మాత్రల ప్రభావము స్వల్పము. మోతాదు పెంచక శస్త్రవైద్యునికి చెప్పుడు. దానికి మందులు వేరే కలవు.

కొన్ని వారములు వాడిన మాత్రను ఒక్కసారి మానరాదు. చెమటలు, అశాంతి, నిద్రలేమి కలుగగా, జబ్బు తిరుగబెట్టినదని భ్రమపడుదురు. వైద్యుని సలహాతో ఒక్కొక్క మోతాదు తగ్గించవలెను.

ఇక తైలము. కుట్లు పూర్తిగా మానువరకు నడుముపై తైలము గాని, పసుపు గాని పూయరాదు. అరికాళ్లకు గోరువెచ్చని నువ్వులనూనె రాయవచ్చును, హాయిగా నిద్ర పట్టును. పిక్క వాచి నొప్పిగా ఉన్నచో మాత్రము మర్దన తగదు. అది రక్తము గడ్డకట్టిన లక్షణము కావచ్చును. గుగ్గులు మందులు శస్త్రవైద్యునికి తెలుపక మొదలిడవద్దు. కాలు పట్టు తప్పుట, మూత్రము ఆగుట లేక తెలియక పోవుట, మర్మస్థానము చుట్టూ స్పర్శ తగ్గుట, జ్వరము, గాయము నుండి చీము కనిపించినచో, ఏ వేళయైనను ఆసుపత్రికి పోవలెను.